తుమ్మజిగురు కలిపిన సున్నం

మా పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చేసరికి నేను మైలవరంలో మా స్కూలు వరండాలో పిల్లల్ని వరసలో నిలబెడుతున్నాను. చేసింది అన్నయ్య, అంటే ఆవిడ ఒక్కగానొక్క కొడుకు. "పొద్దున్నే టీ తాగింది చెల్లీ. గ్లాసు కడిగి బోర్లించింది. వచ్చి మంచం మీద కూర్చుంది. ఏంటమ్మా ఇవాళ కూర్చున్నావ్ అన్నా. ఒరిగిపోయింది" అన్నాడు. అంతవరకూ మామూలుగానే చెప్పి, ఫోన్ పక్కనున్న వాళ్ళకి ఇచ్చేశాడు.

సిగ్గు విడిచి ఒక మాట చెప్తాను. ఆ ఫోన్ వినగానే నాకు ముందు ఏడుపు రాలేదు. 'ఇక ఆ పద్నాలుగు చెట్ల గతేమిటి' అనిపించింది. తల్లి తర్వాత తల్లి అంతటి మనిషి పోతే చెట్ల గురించి ఆలోచించేదాన్ని మీరేమనుకుంటారో నాకు తెలుసు. బస్సెక్కి నూజివీడులో దిగేదాకా నన్ను నేనూ అదే అనుకున్నాను. కానీ ఆ చెట్ల సంగతి చెప్పకుండా మా పెద్దమ్మ గురించి చెప్పడం నా వల్ల కాదు. ఆ సంగతిలో నేను చేసిన పని ఒకటి ఉంది. అది ఆవిడ బతికుండగా ఒప్పుకోలేకపోయాను.

పెద్దమ్మ మా అమ్మకి అక్క. నూజివీడు పక్కన వాళ్ళది నాలుగెకరాల మామిడి తోట, నూట యాభై చెట్ల దాకా ఉండేవి. పెదనాన్న పోయాక ఇరవై ఏళ్ళ పైన ఆ తోటని ఆవిడే చూసుకుంది. ఆవిడకి రాని పని ఒక్కటే, కూర్చోవడం. "కూర్చుంటే కాళ్ళు తుప్పు పడతాయే" అనేది. అన్నం కూడా సగం నిలబడే తినేది. చర్చిలో ప్రసంగం సాగుతుంటే కొంగు సర్దుకోవడం మొదలుపెట్టేది. అది చూసి పాస్టరుగారు ముగింపు ప్రార్థనకి వచ్చేసేవారని మా ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్ళం. ఆయన మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

కాయ కోసేటప్పుడు మాత్రం ఆవిడ చేతికి ఎక్కడలేని నిదానం వచ్చేది. తొడిమ కాస్త ఉంచి కొయ్యాలి. తొడిమ ఊడిందంటే సొన చిమ్ముతుంది. అది పడినచోట కాయ రెండో రోజుకి నల్లగా మాడిపోతుంది. చిన్నప్పుడు సెలవులకి వెళ్ళి నేను గుంజి కోసిన కాయలన్నీ అలా మాడినవే. నా నోరు కూడా అంతే. కోపం వస్తే ముందూ వెనకా చూడను. ఒకసారి తోటలో పనిచేసే ఆవిడ మీద అరుస్తుంటే పెద్దమ్మ నన్ను పక్కకి లాక్కెళ్ళింది. "మనిషిని తిట్టేటప్పుడు కూడా తొడిమ ఉంచి తిట్టాలే. నువ్వు ఊడబెరికేస్తావ్. తర్వాత ఆ మచ్చ ఎవరు తుడుస్తారు?" అంది. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. ఇప్పుడు నలభై దాటాయి. ఆ మాట వంటబట్టలేదని చెప్పడానికి కూడా ఇది రాస్తున్నాను.

మూడేళ్ళుగా తోటలో పూత నిలబడటం లేదు. తామర పురుగు పట్టి పూతంతా మాడిపోయేది. ఎన్ని మందులు కొట్టినా అంతే. చుట్టుపక్కల తోటలు ఒకటొకటిగా కొట్టేసి పామాయిల్ వేస్తున్నారు. అన్నయ్య చెడ్డవాడు కాదు. ఏళ్ళ తరబడి తల్లి మాట కాదనలేక లాక్కొచ్చాడు, ఇక లాగలేనన్నాడు. తోట వాడి పేరునే ఉంది. అయినా ఆవిడ కళ్ళెదుట రంపం పెట్టించే ధైర్యం వాడికి లేదు. పోయిన ఆగస్టులో నాకు ఫోన్ చేశాడు.

"పాపికొండల నేషనల్ పార్కు లోపల వేడినీళ్ళ గుండం ఉందంట చెల్లీ. పక్కనే లాడ్జి. ఆ నీళ్ళు మోకాళ్ళకి మంచిదంటున్నారు. అమ్మని తీసుకెళ్ళి మూడు రోజులు ఉంచు. ఈలోపు నేను ఇక్కడ పని కానిచ్చేస్తా."

"ఏ పని?" అన్నాను, తెలిసే.

"నూట యాభై చెట్లూ ఒకేసారి. అమ్మ వచ్చేసరికి అయిపోవాలి. నువ్వు పిలిస్తే వస్తుంది. నేను పిలిస్తే అనుమానపడుద్ది."

ఒప్పుకున్నాను. ఆవిడ మోకాళ్ళు నిజంగానే నొప్పి కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. స్కూలుకి సెలవు పెట్టి, ముందురోజు సాయంత్రానికి వాళ్ళింటికి చేరాను. పెద్దమ్మ ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా సంచి సర్దుకుంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. ఆవిడ దేనికీ అంత తేలిగ్గా ఒప్పుకునే రకం కాదు.

పొద్దున్న ఆరింటికి ఆటో వచ్చి నిలబడింది, పెద్దమ్మ ఇంట్లో లేదు. పిలిస్తే తోటవైపు నుంచి గబగబా వచ్చింది. చీర కుచ్చిళ్ళు తడిసి ఉన్నాయి, చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. "ఏంటి పెద్దమ్మా ఆ చేతులు?" అంటే, "గట్టు మీద చెట్లకి మందు పూసొచ్చా. మళ్ళీ మూడు రోజులు ఉండనుగా" అంది. కుళాయి కింద మూడుసార్లు సబ్బుతో తోముకున్నా గోళ్ళ సందుల్లో తెలుపు పోలేదు. అన్నయ్య ఆవిడ సంచి ఆటోలో పెట్టాడు కానీ మా ఇద్దరి మొహాలూ చూడలేదు.

హనుమాన్ జంక్షన్‌లో రాజమండ్రి బస్సు పట్టుకున్నాం. ఆ బస్సులో కూడా ఆవిడ కుదురుగా లేదు. కిటికీలోంచి మబ్బు చూసేది, కండక్టర్ని పిలిచి "నూజివీడు వైపు వానుందా బాబూ?" అని అడిగేది. "నేనిక్కడ బస్సులో ఉంటే నాకెలా తెలుస్తదండీ" అన్నాడతను. ఆవిడ తోట గురించి బెంగపడుతోందని అనుకున్నాను. ఆ బెంగకి కారణం నేనే కదా అని అటు తిరిగి కూర్చున్నాను.

రాజమండ్రి నుంచి జీపు. చెక్‌పోస్టు దగ్గర మా సంచుల్లో ప్లాస్టిక్ కవర్లన్నీ తీయించారు. అక్కడినుంచి గంటన్నర అడవిలో పోయాక లాడ్జి వచ్చింది. లాడ్జి అంటే ఏదో ఊహించుకోకండి. వరసగా ఆరు రేకుల గదులు, ముందు వెదురు కటకటాల వరండా, చెక్క మంచాలు. కరెంటు ఎప్పుడో ఒకసారి వస్తుంది, సెల్‌ఫోన్ సిగ్నల్ అసలు రాదు. గదుల వెనక మెట్లు దిగితే రాళ్ళు పేర్చిన గుండం. దాన్లోంచి పొగలు లేస్తుంటాయి. ఆడవాళ్ళవైపు తడికలు కట్టారు. గంధకం వాసన వరండా దాకా కొడుతుంది. ఇరవై నిమిషాలకి మించి నీళ్ళలో ఉండరాదని బోర్డు రాసిపెట్టారు. పెద్దమ్మ అది చదివి "ఇరవై నిమిషాలా! ఎవరుంటారే అంతసేపు?" అంది.

మేం సంచులు దించేసరికి వాన మొదలైంది. రేకుల మీద వాన పడుతుంటే ఎదుటి మనిషి మాట వినపడదు. పెద్దమ్మ వరండాలో ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచింది. కటకటాలు ఊపి చూసింది. చీపురు తీసుకుని ఊడ్చిన వరండానే మళ్ళీ ఊడ్చింది. "అక్కడ కూడా పడుతోందంటావా?" అని నన్ను నాలుగుసార్లు అడిగింది. "నాకేం తెలుసు పెద్దమ్మా, నువ్వు కాసేపు కూర్చో" అని విసుక్కున్నాను. నేనూ కూర్చోలేకపోతున్నాననీ, అరగంటకోసారి ఫోన్ తీసి సిగ్నల్ వచ్చిందేమోనని చూస్తున్నాననీ ఆవిడ గమనించింది.

లాడ్జిలో వంట చేసే ఆవిడ ఇంటి ముందు ఒక నాటు మామిడి చెట్టుంది. వాన తగ్గిన కాసేపట్లో పెద్దమ్మ దాని దగ్గరకి చేరింది. మొదలు దగ్గర రంపపు పొట్టులాంటిది రాలి ఉండటం చూసి, "పురుగు తొలిచేస్తోంది తల్లీ, పాత సైకిల్ చక్రంలో ఊచ ఏదైనా ఉంటే తెచ్చిపెట్టు" అంది. ఆవిడ ఎక్కడినుంచో ఒక తుప్పు ఊచ తెచ్చింది. పెద్దమ్మ ఆ నొప్పి మోకాళ్ళ మీదే కూలబడి, బెజ్జంలోకి ఊచ పోనిచ్చి, మెల్లగా తిప్పి, వేలెడు పురుగుని బయటికి లాగింది. బెజ్జాన్ని బంకమట్టితో మూసింది.

"ఇంకో ఏడాది ఆగితే పోయేదమ్మా నీ చెట్టు" అంది.

"పోతే పోయిందిలే అమ్మగారూ, కాయలు పుల్లగా ఉంటాయి" అంది వంటావిడ నవ్వుతూ.

"పులుపైతే పచ్చడికి. పోతే పోయిందని ఎందుకనడం?" అంది పెద్దమ్మ. చెయ్యి ఆసరా ఇచ్చి ఆవిడని లేపేటప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అదే వేళకి అక్కడ ఆవిడ చెట్ల మీద రంపం నడుస్తూ ఉంటుందని నా లెక్క.

రెండో రోజు పొద్దున్న గుండంలోకి దిగాం. తడికల చాటున మేమిద్దరమే. మోకాళ్ళ పైదాకా నీళ్ళు. దిగగానే చురుక్కుమంది గానీ తర్వాత ఒళ్ళంతా వదులైంది. పెద్దమ్మ రాతి మీద కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటూ ఉండగా ఆవిడ గోళ్ళ సందుల్లోంచి తెల్లటి పొట్టు ఊడి నీళ్ళమీద తేలింది. దాన్నే చూస్తూ అంది.

"మూడు సబ్బులకి పోలేదు. వేడినీళ్ళకి వదిలింది చూడు. ఇది మందు కాదే. సున్నం."

నాకు అర్థం కాలేదు. ఆవిడ చెప్పింది. మా వైపు తోట కొట్టించేటప్పుడు, ఉంచదల్చుకున్న చెట్టు మొదలుకి సున్నంతో పట్టీ వేస్తారు. రంపం వాళ్ళు పట్టీ చూసి ఆ చెట్టు జోలికి పోరు. తోట మధ్యలో పెద్ద రసాల చెట్టొకటి ఉంది. ప్రతి ఏడూ మొదటి బుట్ట ఆ చెట్టువే, చర్చికి ఇచ్చేవాళ్ళు. మేం బయల్దేరడానికి రెండ్రోజుల ముందు ఆ ఒక్క చెట్టుకి సున్నం పట్టీ కనపడింది ఆవిడకి.

"పాపం, నా కోసమని ఆ ఒక్కదాన్నీ ఉంచుదామనుకున్నాడు. ఒక్కదానికి పట్టీ వేశాడంటే మిగతావన్నీ పోతున్నట్టేగా. ఆ మాత్రం తెలీదా నాకు? నువ్వు మరుసటి రోజే ఊడిపడ్డావ్, వేడినీళ్ళూ మోకాళ్ళూ అంటూ." ఆగి నా వైపు చూసింది. "నీకూ తెలుసుగా."

నా చెయ్యి నీళ్ళలో పాదాల వైపు పోయింది. పెద్దమ్మ గట్టిగా నవ్వింది. "చెప్పుల్లేవుగా సర్దుకోడానికి! చిన్నప్పట్నుంచీ అంతేగా నువ్వు, అబద్ధమాడినప్పుడల్లా వంగి చెప్పులు సర్దుకుంటావ్."

నేను ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు, తిట్టలేదు. ఏడుపు అయ్యేదాకా ఆగింది. తెల్లారకముందే లేచి, గట్టు వెంబడి చెట్లకి తనే పట్టీలు వేసిందట. పద్నాలుగు. అంతకు మించి మోకాళ్ళు ఒప్పుకోలేదు.

"మంచి కాపు చెట్లు ఏరుకున్నావా?"

"గట్టువే వేశా. లోపలివైతే వాడి పామాయిల్ మొక్కలకి అడ్డం రావూ?"

"తెలిసి కూడా ఎందుకొచ్చావ్ పెద్దమ్మా నాతో?"

"రాకపోతే వాడు నా ఎదురుగా కొట్టించాలి. కొట్టించలేడు. ఊరుకోనూ లేడు. లోపల్లోపల కుళ్ళిపోతాడు. నేను లేకపోతే వాడికి తేలిక."

ఇది చెప్పి, ఇరవై నిమిషాలు కాకుండానే లేచి, ఊట పుట్టే రాతి సందు దగ్గరకి వెళ్ళి చెయ్యి పెట్టింది. అక్కడ నీళ్ళు మరీ వేడి. ముట్టుకోవద్దని అక్కడా బోర్డుంది. "ఈ వేడి కావాలే తుమ్మజిగురు కరగడానికి. చెయ్యి పెట్టి పది లెక్కపెట్టేలోపు తియ్యబుద్ధవ్వాలి. చన్నీళ్ళలో కలిపితే ఉండలు కట్టుద్ది. జిగురు కలిపిన సున్నం వానకి కారదు. ఒట్టి సున్నమైతే ఒక్క వానకే పోద్ది" అంది. అంటూనే ఆగిపోయింది. ఆవిడ మొహంలో నవ్వు పోవడం నేను చూశాను.

"వాడు వేసిన పట్టీ నేను ముట్టుకుని చూళ్ళేదే" అంది. "వేసే ఉంది కదా అని దాని జోలికే పోలా. వాడు జిగురు కలిపాడో లేదో!"

ఆ తర్వాత ఆవిడని పట్టుకోవడం నా తరం కాలేదు. వెంటనే వెళ్ళిపోదామంది. జీపు కోసం కబురు పంపిస్తే దారిలో వాగు పొంగిందన్నారు, రేపటికి గానీ చెప్పలేమన్నారు. వాన మళ్ళీ దంచడం మొదలుపెట్టింది. పెద్దమ్మ వరండాలో నడుస్తూనే ఉంది. ఫోన్ ఎక్కడ పలుకుద్దని వంటావిడని అడిగింది. గుండం మీదుగా కొండెక్కితే పెద్ద బండ ఒకటుందనీ, దాని మీద నిలబడితే ఒక్కోసారి సిగ్నల్ అందుతుందనీ ఆవిడ చెప్పింది. పెద్దమ్మ మోకాళ్ళతో ఆ కొండ ఎక్కలేదు.

"నువ్వెళ్ళవే. కొట్టడం ఆపమని చెప్పొద్దు. వాడి తోట, వాడిష్టం. రసాల చెట్టు పట్టీ ఉందో లేదో ఒక్కసారి చూసుకోమను. పోతే మళ్ళీ వెయ్యమను. అంతే. ఆ ఒక్క మాటే" అంది.

వెళ్ళాను. జారుతూ, గొడుగు తిరగబడుతూ, ముప్పావుగంట పట్టింది. బండ మీద ఒక మూల నిలబడితే ఒక గీత వచ్చింది. అన్నయ్య ఎత్తాడు. వెనక మోటారు రంపం చప్పుడు. నిన్నంతా వాన పడటంతో ఆ పొద్దున్నే మొదలుపెట్టారట. "చెల్లీ, గట్టు మీద పద్నాలుగింటికి పట్టీలెవరేశారే?" అన్నాడు.

అంతే, నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ అమ్మే వేసింది! అన్నీ తెలిసే వచ్చింది నాతో! నన్ను అడ్డం పెట్టుకుని ఏం పని చేశావురా నువ్వు? ఆవిడ మొహం నేనెలా చూడాలి?" అని మొదలుపెట్టాను. రంపం చప్పుడులో వాడికి వినపడటం లేదని ఇంకా గట్టిగా అరిచాను. వాడు ఏదో చెప్పబోతే చెప్పనివ్వలేదు. చిన్నప్పటి నుంచీ ఉన్నవన్నీ ఏకరువు పెట్టాను. ఊపిరి తీసుకోడానికి ఆగేసరికి లైన్ తెగిపోయి ఉంది. మళ్ళీ చేశాను. ఎంతసేపు నిలబడ్డా మళ్ళీ కలవలేదు. అప్పుడు గుర్తొచ్చింది, చెప్పాల్సిన ఒక్క మాటా చెప్పలేదని.

దిగొచ్చేసరికి పెద్దమ్మ మెట్ల దగ్గరే ఉంది, వానలో.

"చెప్పావా?"

"చెప్పా" అన్నాను. వంగి చెప్పు పట్టీ సర్దుకున్నాను. అలా సర్దుకుంటున్నానని సర్దుకుంటూ ఉండగానే తెలిసింది. తలెత్తేసరికి ఆవిడ నా పాదాల వంకే చూస్తోంది.

"తల తుడుచుకో, తడిసిపోయావ్" అంది పెద్దమ్మ. కొంగుతో తనే తుడిచింది.

మూడు రోజులని వెళ్ళినవాళ్ళం నాలుగు రోజులు ఉండాల్సొచ్చింది. ఆ నాలుగు రోజుల్లో మేం గుండంలో కూర్చున్నది అంతా కలిపి గంట ఉండదు. వాగు తీయగానే బయల్దేరాం. ఆటో తోట మలుపు తిరగగానే ఆకాశం ఎక్కువ కనపడింది. తోటంతా మోళ్ళు, నరికిన కొమ్మలు, పచ్చి చెక్క వాసన. గట్టు వెంబడి మాత్రం పద్నాలుగు చెట్లు తెల్లటి పట్టీలతో నిలబడి ఉన్నాయి. మధ్యలో రసాల చెట్టు లేదు.

రంపం మేస్త్రి ఎదురొచ్చాడు. "దానికి పట్టీ కనపడలేదండీ. వానకి కారిపోయినట్టుంది. గట్టు మీదవి తెల్లగా కనపడ్డాయి, వదిలేశాం. ఆ టైముకి బాబుగారు కలప లారీ కోసం నూజివీడు వెళ్ళారండీ" అన్నాడు. అన్నయ్య అతని వెనక తల వంచుకుని నిలబడ్డాడు. వాడి కళ్ళు అప్పటికే వాచి ఉన్నాయి. పెద్దమ్మ మోడు దగ్గరకి నడిచింది. అరచెయ్యి దాని మీద పెట్టింది, ఆ చెయ్యి వాసన చూసుకుంది.

"అమ్మా, నేను..." అన్నాడు అన్నయ్య.

"సున్నంలో జిగురు కలిపావా?"

"కలపాలా?"

"నీకు నేనే చెప్పలేదు. చెప్పాల్సింది" అంది పెద్దమ్మ. తర్వాత "అన్నం తిన్నావా?" అని అడిగింది. ఆ రెండు మాటల తర్వాత ఆ చెట్టు ప్రస్తావన ఆవిడ నోట మళ్ళీ నేను వినలేదు. తొడిమ ఉంచడమంటే అదని నాకు ఆ రోజు తెలిసింది. తెలిసి ఏం లాభం, ఆ బండ మీద నేను ఊడబెరికేసి వచ్చాను.

ఆ తర్వాత ఆర్నెల్లు బతికింది ఆవిడ. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే ఫోన్ చేసేది. పద్నాలుగు చెట్ల కబుర్లన్నీ చెప్పేది, ఏది చిగురేసింది, దేనికి గూడు పురుగు పట్టింది. ఒక్కో ఆదివారం నోటిదాకా వచ్చేది, 'పెద్దమ్మా, ఆ రోజు నేను చెప్పలేదు' అని. క్రిస్మస్‌కి వెళ్ళినప్పుడు చెప్పేద్దామని గట్టిగా అనుకున్నాను. ఆవిడ అరిసెల పాకం చూడమని గరిటె నా చేతిలో పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. మళ్ళీ ధైర్యం చాల్లేదు. ఫిబ్రవరిలో ఈ ఫోన్ వచ్చింది. అందుకే ఆ పొద్దున్న నాకు ముందు చెట్లు గుర్తొచ్చాయి. ఆవిడ ఉందని వాటిని ఉంచారు, ఇప్పుడు ఆవిడ లేదు. వాటినీ కొట్టేస్తే, ఆ వేడినీళ్ళకి బయల్దేరే ముందు ఆవిడ కాపాడుకున్నదంటూ ఏదీ మిగలదు. నేను పోగొట్టింది ఒక్కటే మిగులుతుంది.

భూస్థాపన అయ్యాక సమాధుల తోట నుంచి వస్తూ చూశాను. గట్టు మీద చెట్లు పూతతో ఉన్నాయి. ఈసారి మాడలేదు. వాటి మొదళ్ళ మీద పట్టీలు మాత్రం ఎండలకి బాగా వెలిసిపోయాయి. అన్నయ్యని అడుగుదామంటే చుట్టూ బంధువులు. వాళ్ళలో ఒకాయన "ఇక ఆ గట్టు కూడా చదును చేయించెయ్యరా" అనడం విన్నాను. అన్నయ్య సమాధానం వినపడలేదు. మైలవరం వచ్చేశాను గానీ స్కూల్లో ఏ పాఠం చెప్పానో నాకు తెలియదు.

జ్ఞాపకార్థ కూడిక శనివారం సాయంత్రమనగా ఆ పొద్దున్నే వెళ్ళాను. ఇంట్లో అన్నయ్య లేడు. తోటలో గట్టు కింద గొంతుక్కూర్చుని బకెట్‌లో కర్రతో తిప్పుతున్నాడు. దగ్గరికెళ్ళి చూస్తే సున్నం. దాంట్లో తుమ్మజిగురు ఉండలు ఉండలుగా తేలుతోంది.

"సోమవారం మోళ్ళు పెకిలించే మిషన్ వస్తోంది చెల్లీ. గట్టు మీద వీటిని ముట్టుకోకూడదని ముందే పట్టీలేస్తున్నా" అన్నాడు తలెత్తకుండా. "జిగురు వేశా గానీ కరిగి చావట్లేదు. అమ్మ ఎలా కలిపేదో. ఎన్నిసార్లు చూశానో, ఒక్కసారీ అడగలేదు."

అక్కడే మట్టిలో కూలబడ్డాను. వాడి ముందే ఏడ్చాను. "అన్నయ్యా, ఆ రోజు కొండ మీంచి నేను నిన్ను తిట్టడానికి ఫోన్ చెయ్యలేదు. రసాల చెట్టు పట్టీ ఉందో లేదో చూసుకోమని పెద్దమ్మ చెప్పి పంపింది. నేను అది చెప్పకుండా నిన్ను తిడుతూ కూర్చున్నా. చెప్పి ఉంటే ఆ చెట్టు ఉండేది. చెప్పానని ఆవిడతో అబద్ధం కూడా ఆడా."

వాడు కర్ర తిప్పడం ఆపాడు.

"తెలుసు."

"ఎలా?"

"అమ్మే చెప్పింది. మీరొచ్చిన సాయంత్రం నువ్వు బస్సెక్కాక అడిగింది, చెల్లి ఫోన్‌లో ఏమందిరా అని. తిట్టింది, లైన్ కట్టయింది అన్నా. ఇంకేం అనలేదా అంది. లేదన్నా. అప్పుడు చెప్పింది, పట్టీ చూడమని నీతో చెప్పి పంపానని. ఇది దానితో ఎప్పుడూ అనకురా, అది తట్టుకోలేదు అంది. ఇప్పుడు నువ్వే అన్నావ్ కాబట్టి చెప్తున్నా."

ఆ ఆర్నెల్ల ఆదివారాలూ నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ప్రతి ఫోన్‌లోనూ ఆవిడకి తెలుసు. తెలిసే ఏది చిగురేసిందో చెప్పింది. తెలిసే, నా నోటిదాకా ఆ మాట వచ్చిన ప్రతిసారీ ఇంకో కబురు ఎత్తుకుంది. అరిసెల పాకం గరిటె కూడా అందుకే నా చేతిలో పెట్టిందేమో, అడగడానికి ఆవిడ లేదు.

మొహం తుడుచుకుని లేచాను. "చన్నీళ్ళలో కరగదు. వేడినీళ్ళు కావాలి" అన్నాను.

"ఎంత వేడి?"

గట్టు కిందే మూడు రాళ్ళు పెట్టి ఎండుపుల్లలు వెలిగించాం. గిన్నెలో నీళ్ళు అంచుల దగ్గర సన్నగా పొగలు లేచేదాకా ఆగాం. నేను చెయ్యి ముంచాను. "ఒకటి" అన్నాను. అన్నయ్య కూడా వచ్చి పక్కన చెయ్యి ముంచాడు. ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. ఏడు దగ్గర ఇద్దరం ఒకేసారి చేతులు లాగేశాం. అన్నయ్య కొత్త జిగురు ముక్కలు గుప్పెడు గిన్నెలో వేశాడు. అవి అడుక్కి దిగి కాసేపు రాళ్ళలాగే ఉన్నాయి. మేమిద్దరం ఎర్రబడ్డ చేతులతో వంగి చూస్తూ ఉండగా, మెల్లగా వాటి అంచులు కరగడం మొదలైంది.